కోనసీమ లంక ఊళ్లు ఏటా మునుగుతున్నా జనం అక్కడే ఎందుకు ఉంటారు?

గోదావరి లంకలు ఎలా ఏర్పడ్డాయి, ఏటా మునిగే చోటు వదిలి జనం ఎందుకు వెళ్లిపోరు అని మీరు అడిగారు. మా అమ్మమ్మగారిది పి.గన్నవరం వైపు వశిష్ఠ పాయలో ఒక లంక. ఊరి పేరు రాయను లెండి, చిన్న ఊరు, మావాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఏరు ఎలా పోతుందో చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. పి.గన్నవరం ప్రాంతంలో వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య సముద్రం దాకా ఉన్న నేలే కోనసీమ. ఆ లెక్కన కోనసీమంతా ద్వీపమే, కానీ మావాళ్లు లంక అనేది దాన్ని కాదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి, వరద పొలాల మీద పడకుండా ఏటిగట్లు లేచాయి. గట్టుకి ఇవతల ఉన్నవాళ్లకి కాలువ నీళ్లు, వరి, రోడ్లు, తర్వాత కాలేజీలు. గట్టుకీ ఏటికీ మధ్యన, ఏటి నడుమన మిగిలిపోయినవి లంకలు. పూర్వం వరద ఊళ్లన్నిటి మీదా పలచగా పరుచుకునేది. ఇప్పుడు రెండు గట్ల మధ్యే పోవాలి. అమలాపురం పొడిగా ఉండాలంటే ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ, మా మీద ఉంటాయి.

జులైలో ఎర్రనీరు రాగానే మొదట తెగేది దారి. జి.పెదపూడిలంక, ఉడుమూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక వాళ్లకి ఎండాకాలం పాయకి అడ్డంగా మట్టితో తాత్కాలికంగా దారి వేస్తారు, ఏటా వరద దాన్ని కొట్టుకుపోతుంది. ఆ రోజు నుంచి స్కూలు పిల్లలు, పాలక్యాన్లు, అరటి గెలలు, మోటారుసైకిళ్లు అన్నీ పడవ మీదే. వంతెన కోసం ఏళ్ల తరబడి అడిగారు, పనులూ మొదలయ్యాయి.

అసలు వరద సంగతి ఎగువనున్న భద్రాచలం చెబుతుంది. అక్కడ గోదావరి నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులోనే లంకలో పనంతా జరిగిపోవాలి. గొడ్లని ముందుగా ఏటిగట్టు మీదికి తోలేస్తారు. బియ్యం, పచ్చళ్ల జాడీలు, పట్టాదారు పుస్తకాలు అటక మీదికి. గ్యాస్ బండని తాడేసి స్తంభానికి కడతారు, లేకపోతే తేలి పోతుంది. నెలలు నిండుతున్న ఆడపిల్లలనైతే ఎర్రనీరు రాకముందే గట్టు ఇవతలి చుట్టాలింటికి పంపేస్తారు.

1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మమ్మగారింట్లో ఆ వరద మరక ద్వారబంధం పైన ఉండేది, ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గీత మీద మాత్రం వేయనిచ్చేవారు కాదు. 2022లో జులైలోనే భద్రాచలం 71 అడుగులు దాటినప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు కొలిచింది టీవీ లెక్కతో కాదు, ఆ గీతతోనే.

వరద తీసేటప్పుడు ఒక మెళకువ ఉంది. నీళ్లు గడప దిగుతుండగానే, ఆ నీళ్లతోనే ఇల్లు కడిగెయ్యాలి. పూర్తిగా తీసేదాకా ఆగితే ఒండ్రు గచ్చు మీద గట్టిపడిపోయి పార పట్టాల్సి వస్తుంది. మా అత్తయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చీపురుతో బురదని బయటికి తోస్తూ ఉంటే, పడవలో వచ్చిన పులిహోర పొట్లం అరుగు మీద అలాగే ఉండేది.

ఆ ఒండ్రే మీ రెండో ప్రశ్నకి సగం జవాబు. ఇంట్లో పడితే బురద, చేలో పడితే ఎరువు. ఒకప్పుడు లంక పొగాకు చుట్టలు సముద్రం దాటి వెళ్లాయి. ఇప్పుడు అరటి, కొబ్బరి, కంద, తమలపాకు, పందిళ్ల మీద దొండ, బీర. అరటి రావులపాలెం మార్కెట్టుకి, కొబ్బరి అంబాజీపేటకి. ఆగస్టులో తోట పోయినా సంక్రాంతి నాటికి కూరగాయలతో కొంత లాగేస్తారు. కౌలురైతుకి మాత్రం ఈ లెక్క కుదరదు. తోట పోయినా కౌలు కట్టాల్సిందే, నష్టపరిహారం చాలాసార్లు పట్టా ఉన్నవాడి ఖాతాలోకి పోతుంది. లంకంటే పచ్చదనం, పడవ షికారు అని ఫొటోలు పెట్టేవాళ్లకి ఇది కనపడదు.

నిజానికి వరదకి లంక ఖాళీ చేసినవాళ్లు వారంలో తిరిగొస్తారు. ఏటి కోతకి నేల పోయి వెళ్లినవాళ్లే తిరిగి రారు. వరద తీశాక అంచు కింద ఇసుక జారిపోయి, పైనున్న నేల కేకు ముక్కలా నిలువునా తెగి దబ్బున ఏట్లో పడుతుంది. అంచు దగ్గర కొబ్బరి చెట్టు వేళ్లు బయటికి వేలాడేసుకుని నీళ్ల మీదికి వాలిపోయి కూడా కాస్తూనే ఉంటుంది. పడవలోంచి కాయలు కోసుకునేవాళ్లం. మరుసటేడు ఆ చెట్టు ఉండదు. గౌతమి వైపు ముమ్మిడివరం మండలంలో గురజాపులంక, లంకాఫ్ ఠాణేలంక వాళ్లదీ ఇదే గోడు. గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏట్లోకి కట్టే అడ్డుకట్టలు), రివిట్‌మెంటు (ఒడ్డుకి రాతి తాపడం) వేస్తే కొంత ఆగుతుంది. కానీ ఒక ఒడ్డున రాయి పోస్తే ప్రవాహం అవతలి ఒడ్డు మీదికి మళ్లుతుందని రెండు ఒడ్ల వాళ్లూ తగువులాడుకుంటారు.

ఏరు ఒక చోట కోసింది ఇంకోచోట మేట వేస్తుంది. కోసింది మన పట్టా భూమి, లేచింది సర్కారు భూమి. కొత్త మేటల్ని ఏక్‌సాల్ పట్టాల (ఏడాదికి మాత్రం సాగుకిచ్చే పట్టాల) మీద, ఎస్సీ సహకార సొసైటీలకి కౌలు మీద ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. ఎవరికి ఎంత అన్న గొడవలూ అప్పటినుంచే ఉన్నాయి. మా తాతగారి పొలంలో ఒక చెక్క కాగితాల మీదే మిగిలింది. ఎదురుగా పశ్చిమగోదావరి ఒడ్డున మేట లేచింది, దాన్ని అవతలివాళ్లు సాగు చేసుకుంటున్నారు. మావాళ్లు చాలాకాలం దాన్ని "మన చేను" అనే చూపించేవారు.

గట్టు ఇవతల ఇళ్ల స్థలాలిస్తే వెళ్లరా అంటారా? వెళ్లారండి, మా చిన్నమామయ్య కూడా ఇవతలే ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున్నే టిఫిన్ క్యారేజీ పట్టుకుని మొదటి పడవకి లంకలోకి పోతాడు, సాయంత్రం పాలక్యాన్లతో తిరిగొస్తాడు. గొడ్లు మాత్రం ఇంకా అక్కడే, పాత ఇంటి దొడ్లో.