పొయ్యి కూడా అక్కర్లేని పచ్చిపులుసుతో మొదలుపెట్టండి

ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి గదిలో ఒక్కరే ఉంటున్నానని, బయటి తిండి పడట్లేదని, ఇంట్లో సులువుగా చేసుకోగలిగే మంచి వంటలు నాలుగు చెప్పమని అడిగారు. నేను నాలుగు చెప్పను. ఒకటి పూర్తిగా చెప్తాను, దానికి తోడుగా ఇంకొకటి. మొదటిది పచ్చిపులుసు.

2009 మే నెల. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేయడానికి జగిత్యాల నుంచి వచ్చి, ఎస్సార్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. మేడ మీద రేకుల గది, అందులో ఐదుగురం. ఒకరోజు వంటావిడ కూతురి పెళ్ళని ఊరికి వెళ్ళింది. వారం రోజులు మెస్ ఉండదు, బయట తినండి అన్నారు. నెల డబ్బు ముందే కట్టేశాం, అందులో రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు. రెండు రోజులు బండి మీద ఫ్రైడ్‌రైస్, నూడుల్స్ తిన్నాం. మూడో రోజుకి ఇద్దరికి కడుపులో మంట, ఒకమ్మాయికి విరేచనాలు.

గదులు ఊడవడానికి రోజూ ఒక పెద్దావిడ వచ్చేది. నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి. అందరం అవ్వా అనే పిలిచేవాళ్ళం. ఆ రోజు మా మొహాలు చూసి చీపురు పక్కన పెట్టింది. "పొద్దుగాల సంది ఏం తిన్నరు బిడ్డా?" అని అడిగింది. బిస్కెట్లు అన్నాం. నా మంచం కింద గుడ్డసంచీలో కిలో కొత్త చింతపండు ఉంది. కూకట్‌పల్లిలో ఉండే చిన్నమ్మకి ఇవ్వమని అమ్మ పంపింది, నేనింకా ఇవ్వలేదు. ఊడ్చేటప్పుడు రోజూ ఆ సంచీ జరుపుతుంది కాబట్టి అవ్వకి తెలుసు. "సంచిల చింతపండు వెట్టుకోని గీ బిస్కిట్లు తింటున్నరా?" అంది.

మాలో ఒకమ్మాయి సూట్‌కేసులో చిన్న కరెంటు కుక్కర్ దాచుకుంది. దాన్ని బయటికి తీశాం. అవ్వ ముందు బియ్యం పెట్టనివ్వలేదు, నీళ్ళు మరగబెట్టమంది. పులుసు పొయ్యెక్కేది కాదు, పచ్చిగానే తాగుతాం, కాబట్టి నీళ్ళు మంచివి కావాలి. మరిగిన నీళ్ళ గిన్నెని బకెట్ నీళ్ళలో పెట్టి చల్లార్చి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే చింతపండు నానేసింది. అలా వేస్తే పది నిమిషాల్లో గుజ్జు వదిలేస్తుంది. ఈలోగా నేను కింద కొట్టుకి పరిగెత్తి ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, కొత్తిమీర తెచ్చాను. పండ్లు కోసే చాకుతోనే సన్నగా తరిగాం.

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. తరిగిన ఉల్లిగడ్డని నేను నేరుగా పులుసులో వేయబోతే అవ్వ నా చేయి పట్టుకుంది. "గట్ల గాదు బిడ్డా. ఉప్పేసి పిసుకు. ఉల్లిగడ్డ నీళ్ళిడవాలె" అంది. ఉల్లిగడ్డ, మిర్చి, ఉప్పు, కాడలతో సహా కొత్తిమీర, అన్నీ ఒక గిన్నెలో వేసి నా చేతే నలిపించింది. రెండు మూడు నిమిషాలు గట్టిగా నలిపితే ఉల్లిగడ్డ మెత్తబడి గిన్నె అడుగున గులాబీరంగు నీరు ఊరింది. సాయంత్రం దాకా అరచేయి మండుతూనే ఉంది. అప్పుడు చింతపండు పిండి, ఆ రసం వడగట్టి అందులో పోయించింది. నూనె లేదు, పోపు లేదు. జీలకర్ర కూడా లేదు.

విరేచనాలవుతున్న అమ్మాయి కంచం పట్టుకుని వస్తే అవ్వ పులుసు పోయలేదు. "నీకు గాదు, నువ్వు గంజి తాగు" అని అన్నం బాగా మెత్తగా ఉడికించి, ఆ గంజిలో ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. మిగతా నలుగురం, మాతో పాటు అవ్వ, నేల మీద పేపర్లు పరుచుకుని కూర్చుని వేడన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. బయట నలభై డిగ్రీల ఎండ, పైన రేకులు, అయినా ఒంట్లోకి చల్లదనం దిగినట్టుంది. నా వరకు ఆ పూట తిన్న తిండికి సాటి వచ్చే భోజనం ఇప్పటిదాకా తినలేదు.

వంటావిడ తిరిగొచ్చేదాకా రోజూ రెండు పూటలా అదే. చివరికి హాస్టల్ వాళ్ళ కంట్లో పడి కుక్కర్ పోయింది. ఇది చెప్పకుండా ఉండలేను: షార్ట్ సర్క్యూట్ అవుతుందన్న భయం నిజమే. అలాంటప్పుడు సరైన ప్లగ్గు పాయింట్లు పెట్టి ఒక చిన్న గదిని వంటకి వదలొచ్చు కదా? వండుకునే చోటు లేకుండా చేసి, ఈ కాలం పిల్లలకి వంట రాదు, అన్నీ ఆర్డర్ పెట్టుకుంటారు అని తిట్టడం అన్యాయం. మీకు గదిలో గట్టు, గ్యాసు ఉంటే మీరు అదృష్టవంతులు, దాన్ని వాడుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో చేసే కొలతలు. ఇద్దరికి నిమ్మకాయంత చింతపండు, రెండు గ్లాసుల నీళ్ళు, ఒక పెద్ద ఉల్లిగడ్డ, మూడు పచ్చిమిర్చి. ఇప్పుడు ఇంట్లో పొయ్యి ఉంది కాబట్టి మిర్చికి గాటు పెట్టి, సెగ మీద కాల్చి వేస్తాను, ఘాటు తగ్గి కమ్మగా ఉంటుంది. గాటు పెట్టకపోతే పేలుతుంది, జాగ్రత్త. వేయించిన జీలకర్ర పొడి అర చెంచా, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు. చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, నలిపిన ఎల్లిగడ్డ, కరివేపాకుతో పోపు. నువ్వుల పొడి వేస్తే చిక్కదనం వస్తుంది, కొంచెం కాల్షియం కూడా ఒంటికి పడుతుంది. మా అత్తయ్యగారిది తణుకు. ఆవిడ వంకాయని కాల్చి, పొట్టు తీసి, మెదిపి అందులో కలుపుతారు, చిన్న బెల్లం ముక్క కూడా వేస్తారు. కాల్చిన వంకాయ అద్భుతం. బెల్లం మాత్రం నేను ఇన్నేళ్ళయినా వేయలేదు, వేయను. గిన్నె స్టీలుదో మట్టిదో గాజుదో వాడండి. అల్యూమినియం గిన్నెలో చింతపులుసు పెట్టకూడదు, పులుపు ఆ లోహాన్ని తింటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దీన్నే ఎందుకు చెప్తానంటే, ఇందులో ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు. పులుపెక్కువైతే నీళ్ళు పోయండి, చప్పగా ఉంటే ఉప్పు వేయండి, మళ్ళీ రుచి చూడండి. మాడేది లేదు, అడుగంటేది లేదు. వీడియోల్లో "రుచికి సరిపడా ఉప్పు" అంటారు. సరిపడా అంటే ఎంతో తెలియకే కదా మనిషి వీడియో చూస్తున్నాడు! "ఒక కప్పు" అంటారు, ఏ కప్పో చూపించరు. పైగా ఇరవై రకాల దినుసులు. ఒంటరిగా ఉండేవాళ్ళు అవన్నీ కొని ఒక్కసారి వాడితే, మిగతాది డబ్బాల్లో పురుగు పడుతుంది. నాలిక మీద వేసుకుని ఇంకేం కావాలో చెప్పగలిగితే అదే వంట రావడమంటే. పచ్చిపులుసు పది సార్లు చేస్తే ఆ నాలిక వస్తుంది.

దానికి తోడు పెసరపప్పు కిచిడి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడిగి, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, చెంచా ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్. అంతే, ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు. పప్పూ అన్నం కలిపి తినడం వెనుక లెక్క ఉంది: మాంసకృత్తుల్లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం బియ్యంలో తక్కువ, అది పప్పులో బాగా ఉంటుంది. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యం నుంచి వస్తుంది. పాతబస్తీలో పొద్దున్నే ఎర్రపప్పు కిచిడీ, ఖీమా, ఖట్టా తింటారు. ఆ ఖట్టా కూడా చింతపండు, నువ్వులు, ఉల్లిగడ్డలతో చేసేదే, మన పచ్చిపులుసుకి దగ్గరి చుట్టం. కిచిడి మీద పచ్చిపులుసు పోసుకుని, పక్కన ఒక అప్పడం కాల్చుకుంటే రాత్రి భోజనం అరగంటలో అయిపోతుంది.

చిన్నమ్మకి ఆ చింతపండు జూన్‌లో ఇచ్చాను, సంచీలో సగమే ఉంది. సంగతంతా చెప్తే, మిగిలింది కూడా నన్నే ఉంచుకోమంది. మీరు కొనేటప్పుడు ఎర్రగా ఉన్న కొత్త చింతపండు దొరికితే అదే తీసుకోండి, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. ఇంకొక్క మాట. ఏ పూట పచ్చిపులుసు ఆ పూటే చేసుకోండి, రాత్రికని ఉంచితే ఉల్లిగడ్డ వాసన వస్తుంది.