టాపు తీసేసి దిగు

అమ్మలూ,

నేల మీదా నీళ్ళ మీదా నడిచే ఆ పాత ఆంఫీకార్‌ని నువ్వే బాగుచేశావట, వచ్చే నెల దాంట్లో జలసంధి దాటతావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వినగానే ఎంత గర్వపడ్డానో! రాత్రి మాత్రం కంటి మీద కునుకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. తీరప్రాంత అధికారుల అనుమతి తీసుకో. వీహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకో, ఒడ్డుతో, పడవలతో మాట్లాడ్డానికి. తోడు పడవ లేకుండా కదలకు. ఒడ్డెక్కగానే మంచినీళ్ళతో అడుగంతా కడిగి గ్రీజు పెట్టు, ఉప్పు ఇనుముని తినేస్తుంది.

1965లో ఆంఫీకార్లు రెండు ఇంగ్లిష్ ఛానెల్ దాటాయి కదా అంటావు. దాటాయి. కానీ నిలకడ నీళ్ళలోనే ఆ బండి వేగం గంటకి పదకొండు కిలోమీటర్లు. ఎదురు ప్రవాహం ఉంటే అందులో ఎంత మిగులుతుంది? చుక్కాని కూడా లేదు, ముందు చక్రాలే దాని పని చేయాలి. 1950లో అట్లాంటిక్ దాటిన బెన్ కార్లిన్ నీటిజీపు పేరు చెప్పి నన్ను ఒప్పించాలని చూడకు. ఆయన దాని మీద క్యాబిన్ కట్టి, అదనపు ట్యాంకులు పెట్టి, దాన్ని పడవగా మార్చేశాక వెళ్ళాడు. అప్పటికి ఎన్నిసార్లు వెనక్కి తిరిగొచ్చాడో!

ఇక నా సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

నాకూ ఒక నీటికారు ఉండేది. ఒకసారి సరస్సులోంచి పైకి తెచ్చి, అడుగున నీళ్ళు పోయే కన్నానికి ఉండే బిరడా, అదే డ్రెయిన్ ప్లగ్, విప్పి, నీళ్ళు కారిపోతుంటే ప్లగ్ చొక్కా జేబులో వేసుకున్నాను. వారం తర్వాత మీ పెద్దమ్మని ఎక్కించుకుని మళ్ళీ దిగాను. అదే చొక్కా, అదే జేబు. ఎండగా ఉందని టాపు వేశాం. గాలి వెనక నుంచి వీస్తోంది, సరస్సు అద్దంలా ఉందనిపించింది. లోపల చేరిన నీళ్ళు తోడే పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటే ధైర్యంగా ఉన్నాను. అది ఆగకుండా ఎందుకు తిరుగుతోందని ఒక్కసారి అనుకున్నా సరిపోయేది!

వెనక్కి తిప్పగానే అసలు అలలు కనిపించాయి. గాలికి వాలుగా పోతున్నంతసేపూ అవి తెలీవమ్మా. ఇంజను ఉన్న వెనక భాగం కిందికి దిగింది. "కాళ్ళ కింద తడిగా ఉంది" అంది పెద్దమ్మ. వంగి చూడబోతే జేబులోని ప్లగ్ ఛాతీకి గుచ్చుకుంది. తను తలుపు గడి మీద చెయ్యి వేసింది. ఆ తలుపు కింది అంచు నీటిమట్టానికి దిగువనే ఉంటుంది, తీస్తే సరస్సంతా లోపలికే. "తియ్యకు" అని అరిచాను. తన మీద అలా అరిచింది ఆ ఒక్కసారే. పక్కన తలుపు తియ్యకూడదు, పైన టాపు. ఎటూ దారి లేదు. ఇంజను నీళ్ళు తాగి ఆగిపోయేసరికి చక్రాలు ఇసుకకి తగిలాయి. అది నా అదృష్టం, నా తెలివి కాదు.

అందుకే టాపు గురించి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. 1999లో అమెరికాలో, ఆర్కన్సాలో, యాత్రికులతో వెళ్తున్న డక్ వాహనం (నేల మీదా నీళ్ళ మీదా నడిచే బండి) ఒకటి మునిగి పదముగ్గురు పోయారు. పైకప్పు వాళ్ళని లోపలే బంధించిందని విచారణలో తేలింది. అలాంటి కప్పులు తీసేయమన్నారు, నీళ్ళు నిండినా తేలే ఏర్పాటు చేయమన్నారు. 2018లో మిస్సోరీలో గాలివానకి మరొకటి మునిగింది, ముప్ఫై ఒక్కమందిలో పదిహేడుగురు పోయారు. దాని పైనా కప్పు ఉంది. కప్పు కింద లైఫ్‌జాకెట్ కూడా శత్రువే, మనిషిని పైకి తేల్చి ఆ కప్పుకే అదిమేస్తుంది. ముందు టాపు పూర్తిగా తీసేయి, తర్వాతే జాకెట్ తొడుక్కో. నీళ్ళలోకి దిగే ముందే సీటుబెల్టు విప్పెయ్.

ఖాళీ ఉన్న ప్రతి మూలా నీళ్ళు పీల్చని ఫోమ్ నింపు. రెండో పంపు పెట్టి, దానికి వేరే బ్యాటరీ ఇవ్వు. పంపు తిరిగినప్పుడల్లా నీ ముందు దీపం వెలగాలి. ప్లగ్‌ని తాళంచెవికి గొలుసుతో కట్టు, అది బిగించనిదే తాళం చేతికి రాకూడదు. తలుపులకి రెండో గడి ఉంటుంది చూడు, దాన్ని నీ చేత్తోనే వెయ్యి. అలల నురగ తెల్లగా కనిపించిన రోజు వెళ్ళకు. ఎంతమంది చూడ్డానికి వచ్చినా సరే, వెళ్ళకు.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. తుప్పు పట్టిన ఆ బండిని ఏడాదిపాటు ఒంటరిగా విప్పి బిగించావని విన్నాను. ఆ చేతులు ఒకసారి చూడాలనుంది.

తేదీ ఖాయం కాగానే రాయి. తోడు పడవలో నాకు చోటుంచు. పెద్దమ్మ ఒడ్డునే ఉంటానంటోంది, నీళ్ళ దగ్గరికి రమ్మంటే ఇప్పటికీ నా చొక్కా జేబు తడుముతుంది.

మీ
పెదనాన్న