గుడ్ల కోసం వనరాజా మంచిదా, గ్రామప్రియా?

పెరట్లో పాతిక కోళ్లు పెంచాలనుకుంటున్నాను, గుడ్ల కోసం ఏది తీసుకోవాలి అని అడిగారు. గుడ్లే కావాలంటే గ్రామప్రియ, రెండో మాట లేదు. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన పెరటి కోళ్ల రకాలే. పెరట్లో తిరిగే వనరాజా 72 వారాల వయసుకి 100-110 గుడ్లు పెడితే, గ్రామప్రియ 160-180 పెడుతుంది. వనరాజా బరువైన కోడి. అడిగినన్ని నూకలు పోస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిస్తుంది.

జాతి గురించి ఇంత ఆరా తీసేవాళ్లు మొదటి ఆరు వారాల సంగతి అడగరు. పిల్లలు పోయేది అప్పుడే. ఒకరోజు వయసు పిల్లలు వచ్చే ముందే అడుగున్నర ఎత్తు అట్టముక్కలతో గుండ్రంగా దడి కట్టి, రెండు అంగుళాల ఊక పరిచి, పైన కాగితాలు వేసి, 60 వాట్ల బల్బు మూడు నాలుగు గంటలు వెలిగించి ఉంచాలి. ఎల్ఈడీ బల్బు పెట్టేవాళ్లున్నారు! దానికి వెలుతురే తప్ప వేడి ఉండదు. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దడి అంచుకి పోయి నోళ్లు తెరిస్తే వేడి. తెల్లవారుజామున మూడింటికి ఒకసారి లేచి చూడండి. కరెంటు పోయిన రాత్రి కిందపడ్డవి నలిగి చచ్చిపోతాయి.

మారెక్స్ అనే వైరస్ జబ్బుకి టీకా హేచరీలోనే (పిల్లల్ని పొదిగించే చోటే) వేస్తారు, వేశారో లేదో అడగండి. ఏడో రోజున కొక్కెర తెగులుకి లసోటా టీకా కంట్లో చుక్క, పద్నాలుగో రోజున గంబోరో జబ్బుకి టీకా. పాతిక పిల్లలకి వందల డోసుల సీసా ఎందుకని మానేస్తారు, తర్వాత మంద మందే పోతుంది. పక్కింటివాళ్లతో కలిసి ఒకే రోజు వేయించుకోండి. కలిపిన మందు ఐసులో పెట్టి రెండు గంటల్లో వాడేయాలి.

సంతలో రంగు ఈకలున్న ప్రతి పిల్లనీ వనరాజా అనే అమ్ముతారు, నమ్మకండి.

గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెట్టండి, లేకపోతే పెంకు గట్టిపడని తోలుగుడ్లు పెడతాయి. గ్రామప్రియ పొదగదు. దాని గుడ్లు నాటుపెట్ట కింద పెడితే పిల్లలు వస్తాయి గానీ, ఇది సంకర జాతి కాబట్టి వాటిలో తల్లి గుడ్ల లెక్క రాదు. కొత్త మందకి మళ్లీ హేచరీ పిల్లల్నే కొనాలి.