దహనవాటికలో యంత్రం చేసే పని, ఆపరేటర్ చేసే పని

ప్రశ్న: మా బంధువుల్లో ఒకరి అంత్యక్రియలు గ్యాస్ దహనవాటికలో జరిగాయి. ఉష్ణోగ్రత, సమయం వంటి వివరాలన్నీ కంప్యూటర్ తెరపై కనిపిస్తూనే ఉన్నా, ఆపరేటర్ మాటిమాటికీ కొలిమికున్న చిన్న కిటికీలోంచి లోపలికి చూస్తూ ఏవో సర్దుబాట్లు చేశారు. అంతా యంత్రమే చూసుకునేటప్పుడు మనిషి చేయవలసింది ఏముంటుంది?

జవాబు: యంత్రం చూసుకునేది మంటను మాత్రమే. నేటి గ్యాస్ కొలిమిలో రెండు గదులు ఉంటాయి. భౌతికకాయం ఉండే మొదటి గదిలో దాదాపు 760 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి ఉంటుంది. అక్కడ పుట్టిన పొగ, వాయువులు రెండో గదిలోకి చేరి, 850 డిగ్రీల వేడిలో సుమారు 2 సెకన్ల పాటు నిలిచి, పూర్తిగా కాలిన తర్వాతే పొగగొట్టం వైపు సాగాలి. గదుల వేడిని, వాయువుల్లో మిగిలిన ఆక్సిజన్‌ను, పొగ చిక్కదనాన్ని వేర్వేరు సెన్సార్లు కొలుస్తుంటే, ఆ అంకెలను బట్టి కంప్యూటర్ బర్నర్లను, గాలి సరఫరాను క్షణక్షణం సవరిస్తుంది. ఇంత వేగంగా, ఇంత నిలకడగా సవరించడం మనిషి వల్ల కాదు కనుక ఈ భాగాన్ని యంత్రానికి వదిలివేయడమే మేలు.

అయితే లోపలికి వెళ్లిన శరీరం ఎటువంటిదో యంత్రానికి ముందుగా తెలియదు. మానవ శరీరంలో సగానికి పైగా ఉండేది నీరే కాబట్టి, అది ఆవిరయ్యే వరకు బర్నర్ వేడిని అందిస్తూనే ఉండాలి. ఆ తర్వాత శరీరంలోని కొవ్వు తానే ఇంధనంగా మారుతుంది. స్థూలకాయుల విషయంలో ఈ దశ ఎంత ఉద్ధృతంగా ఉంటుందంటే, బర్నర్‌ను పూర్తిగా ఆపివేసినా ఉష్ణోగ్రత పెరుగుతూనే పోతుంది, రెండో గది కాల్చగలిగిన దానికంటే ఎక్కువ పొగ వచ్చి పడుతుంది, ఒక్కోసారి పొగగొట్టం దాకా మంటలు వ్యాపించి అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన ఆపరేటర్లు అటువంటి భౌతికకాయాన్ని ఆ రోజు మొట్టమొదట, అంటే కొలిమి లోపలి ఇటుకలు వేడిని బాగా పీల్చుకోకముందే దహనానికి తీసుకుంటారు. వ్యాధితో కృశించిన శరీరంలో కొవ్వు తక్కువ గనుక, అప్పటికే కాగి ఉన్న కొలిమి దానికి అనువుగా ఉంటుంది. ఈ క్రమాన్ని నిర్ణయించడమే ఆపరేటర్ నైపుణ్యంలో ప్రధానమైనదని నా అభిప్రాయం. తెరపై అంకె మారి హెచ్చరిక మోగే సరికి ఆ నిర్ణయానికి వేళ మించిపోయి ఉంటుంది.

ఇక మీరు చూసిన కిటికీ సంగతి. గాలి చాలకపోతే మంట నల్లబడి మసి పుడుతుంది, గాలి మితిమీరితే గది చల్లబడి దహనం సాగుతూ పోతుంది. మొత్తం మీద ఆక్సిజన్ ఎంత ఉందో సెన్సార్ చెబుతుంది గాని, శరీరంలోని ఏ భాగం ఇంకా కాలవలసి ఉందో చెప్పదు. ఆ భాగం వైపు గాలిని, మంటను మళ్లించవలసినది ఆపరేటరే. దహనానికి ఒక గంట నుంచి రెండు గంటల వరకు పట్టవచ్చు. అది ముగిసిందని నిర్ధారించేందుకు గడియారం చాలదు, అవశేషాలపై మంట పూర్తిగా ఆగిందని కంటితో చూడాలి.

ప్రశ్న: గుండెకు పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీసివేయాలని అంటారు. కుటుంబసభ్యులు చెప్పకపోతే యంత్రం దానిని గుర్తించలేదా?

జవాబు: గుర్తించలేదు. పేస్‌మేకర్‌లోని మూసి ఉన్న బ్యాటరీ వేడికి పేలుతుంది. ఆ పేలుడు కొలిమి ఇటుకలను దెబ్బతీయడమే కాక, కిటికీ దగ్గర నిలబడిన ఆపరేటర్‌ను కూడా గాయపరచవచ్చు. బ్రిటన్‌లో ఇటువంటి తొలి పేలుడు 1976లో సోలిహల్‌లోని దహనవాటికలో నమోదైంది. గుండె లయ తప్పితే విద్యుత్ షాక్‌తో సరిచేసేందుకు ఛాతీలో అమర్చే డిఫిబ్రిలేటర్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. తుంటి, మోకాలి కృత్రిమ కీళ్లను మాత్రం తీయవలసిన అవసరం లేదు. అవి కాలకుండా మిగులుతాయి, వాటిని తర్వాత వేరు చేస్తారు.

మరణానికి కొద్ది రోజుల ముందు రేడియోధార్మిక ఔషధం తీసుకుని ఉంటే ఆ విషయం తప్పకుండా తెలియజేయాలి. అమెరికాలోని అరిజోనాలో లుటీషియం-177 అనే రేడియోధార్మిక పదార్థంతో కేన్సర్ చికిత్స పొందిన ఒక రోగి 2017లో మరణించగా, ఆ చికిత్స సంగతి దహనవాటికకు తెలియకుండానే దహనం జరిగిపోయింది. కొలిమిలోను, అవశేషాలను పొడి చేసే యంత్రంలోను రేడియోధార్మికత కనిపించింది. ఆపరేటర్ మూత్రాన్ని పరీక్షిస్తే లుటీషియం లేదు గాని, టెక్నీషియం అనే వేరొక రేడియోధార్మిక పదార్థం స్వల్పంగా బయటపడింది. ఆ రోగికి టెక్నీషియం ఇచ్చిన దాఖలా లేదు కనుక, అంతకుముందు మరెవరి దహనం సందర్భంలోనో అది ఆపరేటర్ ఒంట్లోకి చేరి ఉంటుందని 2019లో వెలువడిన వైద్య నివేదిక భావించింది. కాబట్టి దహనవాటికలో నింపమని ఇచ్చే పత్రాన్ని లాంఛనంగా భావించి ఖాళీలు వదలకండి. ఆపరేటర్‌కు అందే సమాచారం ఆ కాగితంలో ఉన్నంతే.

ప్రశ్న: మా చేతికిచ్చిన అస్థికలు మావారివేనని నమ్మడం ఎలా?

జవాబు: పద్ధతిగా నడిచే దహనవాటికలో ఒకరి తర్వాత ఒకరినే దహనం చేస్తారు. సంఖ్య గల, వేడిని తట్టుకునే లోహపు బిళ్ల ఒకటి భౌతికకాయంతో పాటు మొదటి నుంచి చివరి వరకు ప్రయాణిస్తుంది. దహనం తర్వాత ఆపరేటర్ పొడవాటి పారతో అవశేషాలను ముందుకు లాగి, చల్లార్చి, అయస్కాంతంతో ఇనుప ముక్కలను, చేత్తో తక్కిన లోహాలను ఏరి, ఎముకలను పొడి చేసే యంత్రంలో వేస్తారు. పెద్దవారి విషయంలో మిగిలేది చాలావరకు 2 నుంచి 3 కిలోల వరకు ఉంటుంది. అందులో అధిక భాగం కాల్షియం ఫాస్ఫేటే. ఇటుకల సందుల్లో చిక్కుకున్న కొద్దిపాటి రేణువులను పూర్తిగా తీయడం ఎవరికీ సాధ్యం కాదు, ఆ మాటను ముందే చెప్పే నిర్వాహకులను నేను ఎక్కువగా నమ్ముతాను. తీసుకునేటప్పుడు బిళ్లపై సంఖ్యను, పత్రంలోని సంఖ్యతో సరిపోల్చి చూపమని అడగడం మీ హక్కు. అందుకు ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: పొగగొట్టం నుంచి పొగ కనిపించకపోతే కాలుష్యం లేనట్టేనా? ఈ పనికి ప్రత్యేక శిక్షణ ఉంటుందా?

జవాబు: కనిపించని కాలుష్యాల్లో ముఖ్యమైనది పాదరసం. పంటి గుంతలు పూడ్చిన అమాల్గం అనే పాత లోహమిశ్రమంలో అది ఉంటుంది. 357 డిగ్రీల వద్దే ఆవిరైపోతుంది కనుక రెండో గదిలోని వేడి దానిని ఏమీ చేయలేదు. వాయువులను బాగా చల్లబరిచి, పాదరసాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు పొడిని చల్లి, వడపోత సంచుల్లో పట్టుకోవాలి. ఆ సంచుల్లో చేరే ధూళి ప్రమాదకర వ్యర్థమే గనుక, దానిని తీసేటప్పుడు ముఖానికి తగిన మాస్కు తప్పనిసరి.

శిక్షణ విషయానికి వస్తే, బ్రిటన్‌లో దహనవాటికల సంఘాలు, ఉత్తర అమెరికాలో ఉత్తర అమెరికా దహన సంఘం ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు జారీ చేస్తున్నాయి. వాటిలో దహన శాస్త్రంతో పాటు పత్రాల పరిశీలన, భద్రతా నియమాలు కూడా ఉంటాయి. విద్యుత్ సరఫరా హఠాత్తుగా ఆగిపోతే వాయువులను లాగే ఫ్యాన్ నిలిచి, పొగ ఆపరేటర్ ఉన్న గదిలోకి ఎదురు తన్నే ప్రమాదం ఉంది. తెర కూడా ఆరిపోయిన ఆ స్థితిలో తలుపు తెరవకుండా, అత్యవసర మార్గం గుండా పొగను బయటికి పంపుతూ దహనాన్ని క్షేమంగా ముగించగలరో లేదో పరీక్షించకుండా ఎవరికీ ధ్రువపత్రం ఇవ్వకూడదని నేను భావిస్తాను.