ధ్రువ సముద్రపు నీటి పుట్టుక గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

ఆర్కిటిక్ నీటి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం, అంటే ఐసోటోపు) నది నీటిని పట్టిస్తుంది" అన్న తొలి వాక్యం కొట్టెయ్. అది పట్టించేది ఆకాశం నుంచి పడిన నీటిని. నదిలో కలిసి వచ్చినా, సముద్రం మీదే కురిసినా దానికి తేడా తెలియదు.

అసలు కిటుకు ముందు చెప్పు. ఆవిరి ధ్రువం వైపు సాగేకొద్దీ బరువైన ఆక్సిజన్ దారిలోనే వానగా రాలిపోతుంది. అందుకే ఆర్కిటిక్ నదుల నీళ్లలో అది బాగా తక్కువ. సముద్రం గడ్డకట్టడం వేరే సంగతి. ఉప్పు చాలావరకు కింది నీటిలోకి దిగిపోతుంది, ఐసోటోపు నిష్పత్తి (బరువైన ఆక్సిజన్ మామూలు ఆక్సిజన్‌తో పోలిస్తే ఎంత అన్నది) మాత్రం కొద్దిగానే మారుతుంది. కాబట్టి నీటిలో ఉప్పు తగ్గింది వాన-నది నీటి వల్లా, మంచు కరగడం వల్లా అన్నది ఉప్పుతో పాటు కొలిచే ఈ ఐసోటోపు విలువ చెబుతుంది.

తర్వాత ఒక్క సీసా లెక్క పాఠకుడి ముందే చేసి చూపించు. లవణీయత (కిలో నీటిలో సుమారు ఎన్ని గ్రాముల ఉప్పు అని) 32, ఆక్సిజన్-18 విలువ (ప్రామాణిక జలంతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అని) −2 అనుకుందాం. ఇందులో కలిసిన మూల జలాలు మూడు (ముందు లవణీయత, తర్వాత ఆక్సిజన్-18 విలువ): అట్లాంటిక్ నీరు 34.9, +0.3, వాన-నది నీరు 0, −20, కరిగిన సముద్రపు మంచు 4, +0.5. వాటాల మొత్తం 1 కావాలి, లవణీయత, ఐసోటోపు కూడా సరిపోవాలి. మూడు సమీకరణాలు విప్పితే వరసగా 92.1, 11.3, −3.4 శాతం వస్తాయి. ఆ మైనస్ చూసి కంగారుపడి సున్నా చెయ్యకు. ఈ నీటిలో కొంత మంచుగా కట్టి విడిపోయిందనీ, దాని ఉప్పు ఇక్కడే మిగిలిందనీ అర్థం. నాకైతే ఈ లెక్క మొత్తంలో అందమైన అంకె అదే.

ఇప్పుడు వాన-నది నీటికి −20 బదులు −18 పెట్టి చూడు. వాన-నది వాటా 12.5 శాతం అవుతుంది, మంచు −4.8 అవుతుంది. సీసాలో నీళ్లు మాత్రం అవే! మూల విలువలు ఏవి తీసుకున్నావో ఫలితం పక్కనే రాయమనేది ఇందుకే.

అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్ జలసంధి గుండా వచ్చే పసిఫిక్ నీరు ఈ లెక్కకు లొంగదు. దాని లవణీయత దాదాపు 32.5, వాన నీరు అందులో ముందే కలిసి ఉంటుంది. దాన్ని గుర్తించడానికి నీటిలోని పోషకాలు, అంటే నైట్రేటు, ఫాస్ఫేటు కొలవాలి. ఆ దారిలోని లోతులేని సముద్రపు అడుగుమట్టిలో బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చేస్తుంది, ఫాస్ఫేటు మిగిలిపోతుంది. జోన్స్, ఆండర్సన్, స్విఫ్ట్ అనే సముద్ర శాస్త్రవేత్తలు 1998లో ఈ తేడాతోనే ఆర్కిటిక్‌లో ఏ మహాసముద్రపు నీరు ఎక్కడుందో చూపించారు. అయితే సైబీరియా తీరపు మట్టిలోనూ ఇదే జరుగుతుంది, అక్కడి అట్లాంటిక్ నీరు పసిఫిక్ నీరులా కనబడుతుంది. ఈ మాట రాయకపోతే తెలిసినవాళ్లు నీ పటాన్ని నమ్మరు. ఏ నది నీరో తేల్చడానికి కొలిచే బేరియం అనే లోహం గురించి రెండు వాక్యాలు చాలు: కెనడాలోని మెకంజీ నదిలో ఎక్కువ, సైబీరియా నదుల్లో తక్కువ. పై పొరల్లో జీవజాలం దాన్ని లాగేసుకుంటుంది కాబట్టి ఒంటరిగా నమ్మలేం.

నమూనా తీయడం గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. లవణీయతకూ ఐసోటోపుకూ నీళ్లు ఒకే నిస్కిన్ సీసా (కావలసిన లోతులో మూతపడి అక్కడి నీటిని పట్టే గొట్టం) నుంచి పట్టాలి. గాజు సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, మూత గట్టిగా బిగించాలి. మూత వదులైతే నీరు ఆవిరై రెండు విలువలూ పెరుగుతాయి, వాన-నది వాటా ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. పోషకాల సీసాను వెంటనే కొలవలేకపోతే −20 డిగ్రీల్లో గడ్డకట్టించవచ్చు. ఐసోటోపు సీసాను అలా పెడితే గాజు పగులుతుంది.

రెండో ప్రతిలో మూల విలువల పట్టికను మొదటి పేరా కిందే పెట్టి పంపు.