ఒక హ్యాండీ రైఫిల్ బ్యారెల్‌ను మరో హ్యాండీ రైఫిల్‌కు బిగించి కాల్చవచ్చా?

మీ దగ్గర .223 తూటా వాడే హ్యాండీ రైఫిల్ (మధ్యలో విరిచి తెరిచి ఒక్కో తూటా పెట్టే హెచ్ అండ్ ఆర్ తుపాకీ) ఉంది, మీ మిత్రుడి దగ్గర .243 ఉంది. ఆయన బ్యారెల్ మీ ఫ్రేములో (ట్రిగ్గర్, హ్యామర్ ఉండే వెనుక భాగంలో) కూర్చుంది, మూస్తే టక్కున మూసుకుంది కూడా. ఇక రేంజ్‌కు తీసుకువెళ్లి కాల్చవచ్చా అని అడుగుతున్నారు. ఇప్పుడే వద్దు. ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేత కొలత చూసే గేజ్ పెట్టించి చూడండి. మూసుకున్నంత మాత్రాన అమరినట్టు కాదు.

నేను టెక్సాస్‌లో ఉంటాను. ఒకే ఫ్రేము మీద .223, .45-70 బ్యారెళ్లు మార్చి మార్చి వాడుతున్నాను కాబట్టి మీ ఆశ నాకు తెలుసు. రెండో రైఫిల్ కొనే ఖర్చు తప్పుతుంది, చేతికి అలవాటైన ట్రిగ్గరే ఉంటుంది. పైగా మార్చడం తేలిక: బ్యారెల్ కింద ఉండే ముందు చెక్కకున్న ఒక్క స్క్రూ తీసి, తుపాకీ తెరిచి, బ్యారెల్‌ను ఇరుసు మీద నుంచి ఎత్తితే వచ్చేస్తుంది. ఇంత తేలిగ్గా ఊడివస్తుంది కాబట్టే ఏది దేనికైనా సరిపోతుందన్న భ్రమ కలుగుతుంది.

హెచ్ అండ్ ఆర్ కంపెనీ ఈ రైఫిళ్లను అలా తయారు చేయలేదు. ప్రతి బ్యారెల్‌ను దాని ఫ్రేముకు కార్ఖానాలోనే విడిగా అమర్చేవారు. అదనపు బ్యారెల్ కావాలంటే మన ఫ్రేమును వాళ్లకు పంపాల్సి వచ్చేది, వాళ్లు సరిచేసి రెండూ తిరిగి పంపేవారు. నా .45-70 అలా వచ్చిందే. 2015లో తయారీ ఆగిపోయాక ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఇప్పుడు అందరూ పాత బ్యారెళ్లు కొని, ఇంట్లోనే బిగించి, అదృష్టం పరీక్షించుకుంటున్నారు.

అసలు చిక్కు హెడ్‌స్పేస్ దగ్గర. తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోట) ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి, దాని అడుగును వెనుక నుంచి ఆపే ఫ్రేము ముఖం వరకు ఉన్న కొలతను అలా అంటారు. .223, .243 తూటాలు వాటి భుజం దగ్గర, అంటే ఇత్తడి కేసు సన్నబడే చోట ఆగుతాయి, .45-70 వెనుక అంచు దగ్గర ఆగుతుంది. ఈ కొలత ఎక్కువైతే కాల్చగానే ఇత్తడి కేసు వెనక్కి సాగుతుంది. బాగా సాగితే అడుగుకు కాస్త పైన చీలిపోతుంది, వేడి గ్యాసు మీ ముఖం వైపు వస్తుంది. .223కు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు, .243కు 60,000. .45-70కి 28,000 మాత్రమే. అంటే మీరు మార్చదలచుకున్నది తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనానికి. అది నాకు ఇంకా నచ్చని సంగతి.

తర్వాత నేనూ ఒక పాత .243 బ్యారెల్ కొన్నాను. మీకు లాగే హాయిగా మూసుకుంది. గన్‌స్మిత్ దగ్గరకు తీసుకువెళితే ఆయన నో-గో గేజ్ పెట్టి మూశారు. ఆ గేజ్ మీద తుపాకీ మూసుకోకూడదు. ఇది మూసుకుంది, అంటే హెడ్‌స్పేస్ ఎక్కువైందన్నమాట. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా బ్యారెల్ తీసి నా చేతిలో పెట్టారు. బిగుతుగా ఉంటే గీకి సరిచేయవచ్చు, వదులుగా ఉన్నదానికి లోహం ఎక్కడి నుంచి తెస్తారు?

గేజ్ కన్నా ముందు చూడవలసినది మరొకటి ఉంది. ఫ్రేము మీద ఏ ముద్ర ఉందో చూడండి. ఎస్‌బీ2 అయితే రైఫిల్ పీడనాలకు చేసిన ఫ్రేము. ఎస్‌బీ1 షాట్‌గన్‌ల కోసం చేసినది, దానికి .243 లాంటి బ్యారెల్ బిగించే ఆలోచనే వద్దు, ఎంత చక్కగా అమరినా సరే. మీది .223 అంటున్నారు కాబట్టి ఎస్‌బీ2 అయి ఉండాలి. కానీ సెకండ్‌హ్యాండ్ అయితే మీకన్నా ముందు ఎవరు ఏది దేనికి బిగించారో ఎవరికి తెలుసు, కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

లాక్ కూడా పరీక్షించండి. మూసినప్పుడు లాచ్ (బ్యారెల్‌ను మూసి పట్టే కొక్కెం) బ్యారెల్ కింది మెట్టు మీద పూర్తిగా ఎక్కాలి. ఆ మెట్టు మీద నూనె, మసి ఉంటే కాల్చినప్పుడు తుపాకీ తనంతట తెరుచుకోవచ్చు. మిగతా తుపాకీకి ఎంత నూనె రాసినా, అక్కడ మాత్రం పొడిగా తుడిచి ఉంచండి.

నిమిషంలో బ్యారెల్ మార్చేవాళ్లను మీరు చూసి ఉంటే, వాళ్ల చేతిలో ఉన్నది బహుశా థాంప్సన్ సెంటర్ కంటెండర్. వారెన్ సెంటర్ రూపొందించిన ఆ తుపాకీ 1967లో వచ్చింది. బ్యారెళ్లు మార్చుకోవడానికే పుట్టింది. హ్యామర్ దగ్గరే రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే తూటా), సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో కొడితే పేలేది) మార్చే మీట ఉంటుంది. దానికీ హద్దులున్నాయి. .308 తరగతి తూటాలకు కంటెండర్ ఫ్రేము చాలదు, వాటికి అదే కంపెనీ ఎన్‌కోర్ ఉంది. ఒకదాని బ్యారెల్ మరొకదానికి పట్టదు. క్యాలిబర్లు మార్చడమే మీ సరదా అయితే పాత హ్యాండీల వెంట పడటం కన్నా వాటిలో ఒకటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న ఫ్రేమే, బ్యారెల్ విడిభాగం. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉండవచ్చు. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గకూడదు. కంటెండర్ పిస్టల్‌కు పొడవాటి బ్యారెల్, భుజానికి ఆనించే స్టాక్ కలిపి కిట్‌గా అమ్మడం మీదే 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది, కంపెనీయే గెలిచింది. పొట్టి బ్యారెల్ ఉండగా స్టాక్ బిగిస్తే మాత్రం నమోదు చేయని పొట్టి రైఫిల్ అవుతుంది, 10 సంవత్సరాల వరకు జైలు. కాబట్టి ముందు పొడవు బ్యారెల్, తర్వాతే స్టాక్.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. మిత్రుడి రైఫిల్ చేతిలోకి తీసుకునేవారికీ ఇది వర్తిస్తుంది, మన విద్యార్థులు చాలామంది దీన్ని పట్టించుకోరు.

గన్‌స్మిత్ సరే అన్నాక ఒక జాగ్రత్త: రేంజ్‌కు ఒక బ్యారెల్, దాని తూటాలు మాత్రమే తీసుకువెళ్లండి. మీ రెండు క్యాలిబర్ల సంగతి ఎలా ఉన్నా, రేపు .300 బ్లాకౌట్ బ్యారెల్ కొన్నారంటే ఆ తూటా .223 ఛాంబర్‌లో దూరగలదు. అలా కాల్చి తుపాకులు పేల్చుకున్నవాళ్లు ఉన్నారు. స్కోపు బ్యారెల్ మీదే ఉంటుంది కాబట్టి మార్చినప్పుడల్లా గురి మొదటి నుంచి సరిచేసుకోనక్కర్లేదు, రెండు మూడు తూటాలతో సరిచూసుకుంటే చాలు. ముందు చెక్క స్క్రూ మాత్రం ప్రతిసారీ ఒకే బిగువులో తిప్పండి, దానితో గురి కదులుతుంది.