ఇంటి కొప్పు కోసే ముందు చూరు కింద చూడండి

ప్రశ్న: మాది ఏటవాలు కప్పు ఇల్లండి. పైన షింగిల్స్ (కప్పు మీద పరిచే పలుచటి పలకలు), కింద అటక. ఎండాకాలం పై గదిలో కూర్చోలేకపోతున్నాం, చలికాలం అటకెక్కి చూస్తే ప్లైవుడ్‌కి కింద వైపు నల్లమచ్చలు, మేకుల కొసలకి నీటి చుక్కలు. షింగిల్స్ ఎలాగూ మారుస్తున్నాం కదా, రెండు వాలులూ కలిసే కొప్పు పొడవునా కోసి రిడ్జ్ వెంట్, అంటే వేడిగాలి బయటికి పోయే దారి, పెట్టేస్తే అన్నీ తీరిపోతాయని కప్పు పని చేసే ఆయన అంటున్నాడు. అటక గోడకున్న కరెంటు ఫ్యాన్ కూడా ఉంచుకోమంటున్నాడు. కొప్పు కోస్తే వానకి కారుతుందేమోనని ఇంట్లో వాళ్ళ భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: రిడ్జ్ వెంట్ పెట్టించుకోండి, షింగిల్స్ మార్చేటప్పుడు పెట్టించడమే మంచిది కూడా. కానీ రంపం పైకెక్కే ముందే మీరు టార్చ్ పట్టుకుని అటకలో చూరు దాకా వెళ్ళి, బయటి గాలి లోపలికొచ్చే దారి ఉందో లేదో చూడండి. పైనుంచి వేడిగాలి పోవాలంటే కింద నుంచి అంత గాలీ రావాలి కదా, అది చూరు కిందుండే సాఫిట్ వెంట్స్ అనే జాలీల్లోంచే రావాలి, అవి మూసుకుపోయుంటే కొప్పు ఎంత పొడుగు కోసినా ఉపయోగం లేదు, పైగా కింద దారి లేక ఆ గాలిని మీ గదుల సీలింగ్ సందుల్లోంచి లాక్కుంటుంది, అంటే చలికాలం ఇంట్లోని వెచ్చటి తేమగాలి అటకలోకి చేరి ఆ మచ్చలు ఇంకా పెరుగుతాయి.

బయట నుంచి చూసి మోసపోకండి. సాఫిట్ జాలీ చక్కగా కనిపిస్తుంది, లోపల చూస్తే ఇన్సులేషన్ (వేడీ చలీ ఆపడానికి సీలింగ్ మీద పరిచే పొర) దాన్ని పూర్తిగా కప్పేసుంటుంది, లేదా జాలీ కన్నాలన్నీ పెయింట్‌తో పూడిపోయుంటాయి. అలా ఉంటే ఇన్సులేషన్ వెనక్కి జరిపించి వాసాల మధ్య బాఫిల్స్ (ఇన్సులేషన్ గాలి దారిని మూయకుండా ఆపే పలకలు) కొట్టించండి, ప్లైవుడ్‌కీ ఇన్సులేషన్‌కీ మధ్య కనీసం 1 అంగుళం ఖాళీ ఉండాలి. కనపడని పని కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం మొత్తం పనిలో ఇదే ముఖ్యం.

ఎంత వెంట్ కావాలో లెక్క కూడా చెప్తాను. అమెరికా ఇళ్ల కోడ్‌లో అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి అడుగుతారు, పైనా కిందా దాదాపు సగం సగంగా పంచి మిగతా షరతులు కూడా కుదిరితే 300వ వంతు చాలు. 300వ వంతు లెక్కన 1200 చదరపు అడుగుల అటకైతే 4 చదరపు అడుగులు, అంటే 576 చదరపు అంగుళాలు, అందులో సగం 288 కొప్పు దగ్గర. వెంట్ ప్యాకింగ్ మీద అడుగుకి నెట్ ఫ్రీ ఏరియా, అంటే గాలి నిజంగా పోయే ఖాళీ, ఎంతో రాసుంటుంది, అది 18 చదరపు అంగుళాలైతే 16 అడుగులు సరిపోతుంది. కింద సాఫిట్‌లో 288 కంటే ఎక్కువున్నా పర్లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు.

ఇక ఆ ఫ్యాన్. దయచేసి తీసేయించి ఆ కన్నం మూయించండి. ఫ్యాన్ తిరిగితే దగ్గర్లో ఉన్న రిడ్జ్ వెంట్ నుంచే గాలి లాగుతుంది, చూరు నుంచి రావాల్సింది రాదు, వాన పడే టైంలో తిరిగితే నీళ్ళు కూడా లోపలికి లాగే ప్రమాదం ఉంది. ముక్కోణపు గోడకి జాలీ వెంట్లుంటే అవి కూడా ఇదే కారణంతో మూయించాలి.

వాన భయం సహజమే, కానీ సరిగ్గా వేసింది కారదు. బయటి అంచున బాఫిల్ (ఇక్కడ వెంట్‌కే ఉండే చిన్న అడ్డు అంచు) ఉన్న రకమే తీసుకోండి, అది వానని అడ్డుకుంటూ ఎదురు గాలిని పైకి తోస్తుంది, దాంతో కన్నాల దగ్గర ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఇంకా బాగా బయటికొస్తుంది. పని జరుగుతున్నప్పుడు మాత్రం దగ్గరుండి చూసుకోండి. కోత మామూలుగా కొప్పుకి రెండు వైపులా ముప్పావు నుంచి 1 అంగుళం, నడుమ రిడ్జ్ బోర్డు (కొప్పు వెంట వాసాలు ఆనే చెక్క) ఉంటే దాని మందం కూడా కలుపుకోవాలి, కచ్చితమైన కొలత వెంట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది, అదే ఫైనల్. రెండు చివర్లా కనీసం 6 అంగుళాలు కొయ్యకుండా వదలాలి. రంపం లోతు ప్లైవుడ్ మందానికే సెట్ చెయ్యాలి, కింద వాసాలూ ట్రస్సులూ (కప్పుని మోసే చట్రాలు) తెగితే ఇంటి బలమే పోతుంది. షింగిల్స్ కింద వేసే పేపర్ కూడా కోత దగ్గర తీసెయ్యాలి, అది వదిలేసి పైన వెంట్ కొట్టేస్తే బయటికి పని అయిపోయినట్టే ఉంటుంది, గాలి మాత్రం ఆడదు. మామూలు షింగిల్ మేకులు వెంట్ మందం దాటి ప్లైవుడ్‌లోకి దిగవు, పొడుగువి కావాలి, నెయిల్ గన్‌తో మరీ గట్టిగా కొడితే వెంట్ నలిగిపోతుంది. చివర్లలో సీలెంట్ మర్చిపోనివ్వకండి.

ఇంకొక విషయం, బాత్రూం ఎగ్జాస్ట్ పైపు అటకలోనే వదిలేశారేమో చూడండి. మేకులకి నీటి చుక్కలకి అది కారణం కావచ్చు, దాన్ని కప్పు దాటించి బయటికి పంపాలి. పై గది వేడి విషయంలో మాత్రం వెంట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, కొంత తగ్గుతుంది కానీ గదికి తేడా తెలియాలంటే సీలింగ్ మీద ఇన్సులేషన్ మందం పెంచాలి, అంతకుముందే లైట్ల చుట్టూ, అటక మూత చుట్టూ ఉన్న సందులు పూడ్పించాలి.

ప్రశ్న: మా కప్పు నాలుగు వైపులా వాలుంటుంది, కొప్పు 8 అడుగులే. రిడ్జ్ వెంట్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టొచ్చు గానీ చాలకపోవచ్చు. పై లెక్క ప్రకారమే 8 అడుగులకి 144 చదరపు అంగుళాలే వస్తాయి, అటక చిన్నదైతేనే సరిపోతుంది. పెద్దదైతే రిడ్జ్ వెంట్ ఆలోచన మానేసి, కొప్పుకి కాస్త కింద, వెనక వాలు మీద బాక్స్ వెంట్స్ (విడివిడిగా పెట్టే పెట్టెల్లాంటి వెంట్లు) అన్నీ ఒకే ఎత్తులో పెట్టించండి. రెండు రకాలూ కలిపితే ఒకదాని నుంచి ఇంకోదానికి గాలి తిరుగుతుంది, చూరు దగ్గరి గాలి కదలదు.